అపజయ మెఱుగని జట్టే అగ్రగణ్యమా?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో వృత్తి ఫుట్‌బాల్ జట్లు 1920 వ సంవత్సరమున ఓహయో రాష్ట్రమందలి కాంటన్ పట్టణమున ఒక సంఘముగా నేర్పడినవి. రెండేండ్ల పిమ్మట ఆ సంఘమే నేషనల్ ఫుట్‌బాల్ లీగు అను పేరు దాల్చినది. నాటినుండి నూఱేండ్లకు మించిన కాలము గడచినది. ఈ కాలమున వెలసిన జట్లలో సర్వోత్తమమైన దేది యను వాదము ఆ దేశమున నెన్నటికిని తెగదు. తండ్రికిని కొడుకునకును పొసగని వాదమిది. తాను పడుచువాడై యున్నప్పుడు చూచిన జట్టే గొప్పదని ప్రతివాడును నమ్మును. అందు తప్పు లేదు. కాని వాదించువారిలో పెక్కండ్రు చేతబట్టిన కొలబద్ద మాత్రము ఒక్కటే: ఆ జట్టు ఆ యేడు ఎన్ని ఆటలలో ఓడినది? ఒక్కటియు లేదన్నచో వాదము ముగిసినదని తలంతురు. ఈ కొలబద్ద చాలదనియు, చాలునని యొప్పుకొన్నను దానిని పట్టినవారు అందఱకును సమముగ వాడలేదనియు మా యభిప్రాయము.

ముందుగ ఆటను గుఱించి రెండు మాటలు. మన ప్రాంతమున ఫుట్‌బాల్ అనగా కాలితో తన్ను ఆట. అమెరికావారి ఆట వేఱు. కోలగానుండు బంతిని చేతబట్టి పరుగిడుటయు, విసరుటయు నిందు ప్రధానము. నూఱు గజముల బయలు; ఒక్కొక్క పక్షమున పదునొకండుగురు. బంతి చేతనున్నవారు నాలుగు యత్నములలో పది గజములు ముందునకు సాగవలెను. సాగిరా, మఱి నాలుగు యత్నములు లభించును. సాగలేదా, బంతి ఎదిరి పక్షమునకు పోవును. చివరి గీటు దాటించినచో ఆఱు పాయింట్లు. కంబముల నడుమనుండి బంతిని తన్నినచో మూడు. ఇరుపక్షముల బలశాలులు ఒకరినొకరు పట్టి త్రోసికొను తీరు చూచిన మన చెడుగుడు జ్ఞప్తికి వచ్చును. కాని చెడుగుడున ఊపిరి పందెము, ఇచ్చట నేల పందెము. గజము గజముగ భూమిని కలుపుకొని పోవు ఆట యగుటచే, గట్టు తగవులు తెలిసిన మన రైతులకు దీని మర్మము బోధపడుట కష్టము కాదు. దాడి నడపు సూత్రధారిని క్వార్టర్‌బ్యాక్ అందురు.

అపజయ మెఱుగని జట్టనగానే అందఱును వేలెత్తి చూపునది 1972 వ సంవత్సరపు మయామీ డాల్ఫిన్సు. డాన్ షూలా శిక్షణలో నా జట్టు పదునాలుగు ఆటలను గెలిచి, ఆపై విజేతను నిర్ణయించు ఆటలు మూటిని గెలిచి, 17 విజయములతో ఏడు ముగించినది. అయిదవ ఆటలో క్వార్టర్‌బ్యాక్ బాబ్ గ్రీసీ కాలు విఱుగగా, 38 ఏండ్ల ఎర్ల్ మోరల్ ఆ బరువును నెత్తికెత్తుకొనెను. లారీ సాంకా, మెర్క్యురీ మోరిస్ అను నిరువురు ఆ యొక్క యేటనే చెఱి వేయి గజములు పరుగెత్తిరి. అంతకు మున్ను ఏ జట్టునందును అట్టి జంట లేదు. నాటి నిబంధనలవలన, ఓటమి లేని జట్టయ్యును, చివరి దానికి ముందటి యాటకు పిట్స్‌బర్గునకు పోయి ఎదిరి గడ్డమీదనే పోరవలసి వచ్చినది, అదియును గెలిచినది. 1973 జనవరి 14 న లాస్ ఏంజలీసులో వాషింగ్టను జట్టును 14-7 తో నోడించినది. ఆ యేడు పాయింట్లయినను ఎదిరివారు సంపాదించినవి కావు. కాలితో తన్నుటకు మాత్రమే జట్టున నున్న గారో యెప్రీమియన్, తాను తన్నిన బంతి అడ్డుపడి తిరిగి తన చేతికే రాగా, తనకు రాని విద్యయైన విసరుటకు పూనుకొనెను. బంతి చేజాఱి పైకెగసి వాషింగ్టను వాని చేతబడెను. వాడు దానితో గీటు దాటెను.

ఇంత గొప్పయు నిజమే. కాని మఱియొక నిజమున్నది. ఆ పదునాలుగు ఆటలలో మయామీవారి నెదిరించిన జట్లలో ఏదియు ఆ యేడు ఎనిమిదింటికి మించి గెలువలేదు. చిక్కిన యెద్దులతో పందెము గెలిచిన జోడును గొప్పదనవచ్చును; అయినను ఆ యెద్దులను గూడ ఒకమాఱు చూడవలెను గదా.

ఓటమి లేకుండుట యెంత నాజూకైన కీర్తియో చెప్పుటకు 2007 నాటి న్యూ ఇంగ్లాండు పేట్రియట్సు చాలును. పదునాఱు ఆటలకు పదునాఱును గెలిచి, అంతవఱకు ఏ జట్టును చేయనన్ని పాయింట్లు, 589, కూడబెట్టిరి. టామ్ బ్రేడీ విసరిన బంతులు 50 గీటు దాటినవి. ఎదిరి శిక్షకుల సైగలను చాటుగ చిత్రించినందుకు ఆ యేడే వారికి పెద్ద జరిమానాయును పడినది. అది వేఱు సంగతి. తుదకు 2008 ఫిబ్రవరి 3 న, అయిదు వారములకు మున్ను తామే యుత్కంఠతో నోడించిన న్యూయార్కు జయంట్సు చేతిలో 17-14 తో నోడిరి. డేవిడ్ టైరీ యను జయంట్సు ఆటగాడు బంతిని తన శిరస్త్రాణమునకు అదిమిపట్టి నేల తగులనీయక నిలిపిన ఒక్క క్షణమే ఆ యేటి చరిత్రను మార్చినది. ఆ బంతి వాని చేజాఱియున్నచో నేడు వాదము వేఱొక తీరున నుండెడిది. ఒకని అఱచేతి పట్టుపై నాధారపడు కొలత యెట్టి కొలత?

1985 నాటి షికాగో బేర్సు ఒక్క ఆట ఓడినారు. ఓడినది మయామీవారి చేతనే, 38-24 తో. మయామీ శిక్షకుడు అప్పటికిని డాన్ షూలాయే. కాని వారి బలము మఱి యే యేటనైన నుండెనా? న్యూయార్కును 21-0, లాస్ ఏంజలీసు రామ్సును 24-0, చివరి ఆటలో న్యూ ఇంగ్లాండును 46-10. మూడు ఆటలలో ముగ్గురెదిరులకును కలిపి దక్కినవి పది పాయింట్లు! కాపుదళమును తీర్చిన బడ్డీ రయనునకును ముఖ్య శిక్షకుడు మైక్ డిట్కాకును పొసగెడిది కాదు. గెలిచిన దినమున ఇరువురును వేఱువేఱు భుజములపై నూరేగిరి. కొలది దినములలో రయన్ ఫిలడెల్ఫియాకు వెడలిపోయెను, ఆ బృందము మఱల శిఖరము నెక్కలేదు. పదునొకండేండ్లుగ ఆ జట్టును మోసిన వాల్టర్ పేటనుకు గీటుకడ బంతి నీయక, రెఫ్రిజిరేటరు అను ముద్దుపేరుగల భీమకాయుడు విలియం పెరీచేత ఆ చివరి యాటలో గీటు దాటించిరి. విజయోత్సవములో గూడ ఒకని కన్యాయము జరుగవచ్చును.

ఒక్క యేటి మాట గాక పెక్కేండ్ల నిలుకడ చూతమన్నచో మఱి మూడు పేర్లు వచ్చును. విన్స్ లొంబార్డీ గ్రీన్ బే పాకర్సు ఏడేండ్లలో అయిదుమాఱులు విజేతలైరి. ఆ జట్టునకు యజమాని ధనికుడు కాడు. వాటాలు కొన్న సామాన్య జనులే. వారికి లాభాంశము లేదు, అభిమానమే లాభము. చక్ నోల్ శిక్షణలో పిట్స్‌బర్గు స్టీలర్సు 1974 మొదలు 1979 వఱకు ఆఱేండ్లలో నాలుగు సూపర్ బౌల్ విజయములు సాధించిరి. జీతముల మొత్తమునకు 1994 లో హద్దు విధించిన పిమ్మట మంచి జట్టును చెదరకుండ నిలుపుట మిక్కిలి కష్టమైనది. అట్టి కాలమున బ్రేడీతో పేట్రియట్సు ఆఱు విజయములు గడించిరి. ఇవి చిన్నవి కావు.

ఇచ్చట ఒక సంగతి చెప్పక సాగజాలము. 1974 వ సంవత్సరమున స్టీలర్సు ఏఱి తెచ్చుకొన్న క్రొత్త ఆటగాండ్రలో నలుగురు పిమ్మట కీర్తిమందిరమున స్థానము పొందిరి. వారిలో మైక్ వెబ్‌స్టర్ ఒకడు. పదునేడేండ్లు గీటు నడుమ తలతో తలను డీకొట్టిన యీ వీరుడు 2002 లో ఏబదియవ యేట మతి చెడి, దారిద్ర్యమున మరణించెను. నైజీరియా దేశమున పుట్టిన వైద్యుడు బెన్నెట్ ఒమాలు అతని మెదడును పరీక్షించి, దెబ్బపై దెబ్బ తగులుటచే కలిగిన వ్యాధిని కనుగొని 2005 లో ప్రకటించెను. లీగు పక్షపు వైద్యులు ఆ వ్యాసమును వెనుకకు తీసికొమ్మనిరి. 1985 షికాగో జట్టున కాపుదళమున ఆడిన డేవ్ డ్యూయర్సన్ 2011 లో ప్రాణము తీసికొనుచు తన మెదడును పరీక్షకిమ్మని కోరి పోయెను. అందును ఆ వ్యాధియే కనబడినది. గొప్ప జట్ల జాబితాలు వ్రాయువారి పుస్తకమున ఈ పద్దునకు వరుస లేదు.

పుస్తకమున వరుస లేని పద్దు మఱియొకటి యున్నది. మా తీర్పు దానిపై నాధారపడినది.

1945 లో లీగు విజేతయైన క్లీవ్‌లండు రామ్సు మఱునాటి యేడే లాస్ ఏంజలీసునకు తరలిపోయిరి. అదే 1946 లో పాత లీగునకు పోటీగ ఆల్ అమెరికా ఫుట్‌బాల్ కాన్ఫరెన్సు అను క్రొత్త సంఘము వెలసెను. అందు క్లీవ్‌లండు జట్టును కూర్చినవాడు పాల్ బ్రౌన్. జట్టునకు ఆతని పేరే పెట్టిరి. ఆటగాండ్రను బడిపిల్లలవలె బల్లలకడ కూర్చుండబెట్టి పాఠములు చెప్పి, పరీక్షలు పెట్టి, చిత్రములు చూపి తప్పులు దిద్దినవాడీతడు. నేటి శిక్షకులందఱును ఆ బడిలో చదివినవారే యనవచ్చును. పాత లీగు 1934 మొదలు 1945 వఱకు నల్లజాతివారిని ఒక్కరినైన ఆడనీయలేదు. బ్రౌన్ మొదటి యేటనే మారియన్ మోట్లీ, బిల్ విల్లిస్ అను నిరువురను చేర్చుకొనెను. మయామీలో ఆడవలసి వచ్చినప్పుడు ఆ రాష్ట్రపు వర్ణ నిబంధనల వలనను, చంపుదుమను బెదరింపుల వలనను ఆ యిరువురును ప్రయాణము మానవలసి వచ్చెను.

ఆ సంఘము నాలుగేండ్లు బ్రదికినది. నాలుగేండ్లును బ్రౌన్సే విజేతలు. సాధారణపు ఆటలలో 47 గెలుపులు, 4 ఓటములు, 3 సమములు. 1948 లో పదునాలుగింటికి పదునాలుగును గెలిచి, చివరి ఆటలో బఫెలోను 49-7 తో నోడించిరి. ఆ నవంబరు నెలలో ఎనిమిది దినములలో మూడు ఆటలు, న్యూయార్కున నొకటి, లాస్ ఏంజలీసున నొకటి, శాన్‌ఫ్రాన్సిస్కోలో నొకటి, అన్నియు పరస్థలమున ఆడి మూడును గెలిచిరి. శాన్‌ఫ్రాన్సిస్కోవారు ఆ యేడు ఓడినవి రెండే ఆటలు. రెండును బ్రౌన్సు చేతనే. మయామీ 17-0 కంటె ఇరువదినాలుగేండ్లు ముందుగ జరిగిన 15-0 ఇది. అయినను పాత లీగు ఆ లెక్కను చాల దశాబ్దముల వఱకు తన పుస్తకమున కెక్కించుకొనలేదు. అదే లీగు 1970 లో మఱియొక పోటీ సంఘమును కలుపుకొన్నప్పుడు ఆ పది జట్ల పూర్వపు లెక్కలన్నియు స్వీకరించెను. పద్దు వ్రాయువాడే పందెగాడైనప్పుడు ఇట్లే జరుగును.

క్రొత్త సంఘపు జట్లు బలహీనములు గదా యని కొందఱందురు. కొంత నిజము. బఫెలో ఆ యేడు సాధారణపు ఆటలలో ఏడు గెలిచి ఏడు ఓడినది. కాని ఈ శంకకు సమాధానము మేము వెదుకనక్కఱలేదు; మైదానమే చెప్పినది. 1950 లో బ్రౌన్సు పాత లీగున చేరిరి. మొదటి ఆటకే, సెప్టెంబరు 16 న, రెండేండ్లు వరుసగ విజేతలైన ఫిలడెల్ఫియా ఈగిల్సు నెదుట నిలువవలసి వచ్చెను. ఊరు ఈగిల్సుది, జనసమూహము డెబ్బదివేలకు పైగ. బ్రౌన్సు 35-10 తో గెలిచిరి. బంతి విసరుట తప్ప వారికేమియు రాదని ఈగిల్సు శిక్షకుడు పరిహసించెనని ప్రతీతి. డిసెంబరులో మఱల తలపడినప్పుడు పాల్ బ్రౌన్ జట్టు ఒక్కమాఱైనను బంతిని విసరినట్లు లెక్కలో లేదు. 13-7 తో గెలిచినది. ఆ యేడు వారు రెండు ఆటలు ఓడిరి, రెండును న్యూయార్కు జయంట్సు చేతనే. ఇరుజట్లు సమముగ నిలిచినందున జరిగిన నిర్ణయపు ఆటలో ఆ జయంట్సునే 8-3 తో నోడించిరి.

మయామీవారు తమ యింట గెలిచినవారు. షికాగోవారు ఒక్క యేడు మెఱసినవారు. తన్ను లెక్కింపని యింటికి పోయి, ఆ యింటివారి పద్ధతిలో, ఆ యింటి విజేతలతో పోరి గెలిచిన జట్టు మాకు ఇంకొకటి కనబడదు. కనుక 1946 మొదలు 1950 వఱకు నడచిన క్లీవ్‌లండు బ్రౌన్సునకే మేము అగ్రస్థాన మిచ్చుచున్నాము.

1950 డిసెంబరు 24 న క్లీవ్‌లండులో, గడ్డకట్టిన నేలమీద, చివరి ఆట జరిగెను. ఎదిరివారు మొదటి యెత్తులోనే 82 గజముల దూరము సాగి గీటు దాటిరి. ఆట ముగియవచ్చునప్పటికి బ్రౌన్సు 27-28 తో వెనుకబడియుండిరి. క్వార్టర్‌బ్యాక్ ఆటో గ్రాహము కొలది నిమిషముల క్రిందటనే బంతిని జాఱవిడిచి తలవంచుకొని వచ్చియుండెను. మఱల బంతి చేతికి రాగా, అతడు గజము గజముగ జట్టును నడిపి ఎదిరి గీటు సమీపమునకు తెచ్చెను. లూ గ్రోజా తన్నిన బంతి కంబముల నడుమ పోవునప్పటికి మిగిలినవి 28 సెకండ్లు. లెక్క 30-28. ఓడినవారు, అయిదేండ్ల క్రిందట ఆ యూరి పేరనే విజేతలై, ఆ వెంటనే ఆ యూరిని విడిచిపోయిన రామ్సు.