ఆట ముగియు వేళ ఆటగాని నిగ్గు

ఆదోని మార్కెట్టులో పత్తి చూచు వర్తకుడు మూట పైనున్న పిడికెడు సరుకును మాత్రమే చూచి వెల కట్టడు. లోనికి చేయి పోనిచ్చి, నాలుగు చోట్లనుండి దూది తీసి, పింజ లాగి చూచును. ఆటల విషయమున మన మింత ఓపిక చూపము. చివరి గడియలో ఒక్కసారి గెలిపించినవాడు ధీరుడు. ఒక్కసారి తడబడినవాడు పిరికివాడు. ఎమ్మిగనూరు ప్రాంతపు పల్లెలలో చెడుగుడు ఆడు బాలుడొకడు ఈ ముద్ర కారణముననే జట్టులో చోటు కోల్పోవచ్చును. కావున ఈ తీర్పు న్యాయముగా చేయు విధమును విచారింతము.

2010 అక్టోబరులో మొహాలీలో ఆస్ట్రేలియాతో జరిగిన టెస్టు పోటీలో భారతజట్టు గెలుపునకు 216 పరుగులు కావలసియుండెను. 124 పరుగులకే ఎనిమిది వికెట్లు పడెను. అపుడు హైదరాబాదు వాడైన వి.వి.యస్. లక్ష్మణ్, వెన్నునొప్పితో బాధపడుచునే, ఇశాంత్ శర్మ తోడుగా 81 పరుగులు జోడించెను. తుదకు లక్ష్మణ్ 73 పరుగులతో నిలువగా, ఒకే వికెట్టు మిగిలియుండగా గెలుపు లభించెను. ఆరు పరుగులు కావలసినపుడు ప్రజ్ఞాన్ ఓఝాపై వచ్చిన ఎల్.బి.డబ్ల్యు. విన్నపమును అంపైరు త్రోసిపుచ్చెను. ఆ బంతికే ప్రత్యర్థి గురి తప్పిన విసురువలన నాలుగు పరుగులు కలిసివచ్చెను.

దీని ప్రక్కన 1999 నాటి చెన్నై టెస్టును ఉంచి చూడుడు. పాకిస్తానుపై 271 పరుగుల లక్ష్యము. సచిన్ టెండూల్కర్ 136 పరుగులు చేసి, మరి 17 పరుగులు కావలసియుండగా ఔటయ్యెను. మిగిలిన మూడు వికెట్లు నాలుగే పరుగులకు కూలగా, జట్టు 12 పరుగుల తేడాతో ఓడెను. ఒకరి తోడు నిలిచెను, మరియొకరి తోడు నిలువలేదు. కేవలము ఫలితమునుబట్టి ఒకని ధీరునిగను, వేరొకని భీరునిగను ఎంచుట తగునా? కావున గెలుపోటములను ఆటగాని పనినుండి వేరు చేయుట మొదటి సూత్రము.

రెండవది, పోలిక సరియైనదిగా నుండవలెను. నాలుగవ ఇన్నింగ్సునాటికి పిచ్ అరిగి, ఎవరికైనను పరుగులు కష్టమగును. లక్ష్మణ్ 134 టెస్టులలో సగటున దాదాపు 46 పరుగులు చేసెను. చివరి ఇన్నింగ్సులోని అతని ఆటను ఈ సగటుతో మాత్రమే పోల్చరాదు. అదే పిచ్‌పై తక్కినవారు చేసినదానితోను పోల్చవలెను.

మూడవది, సందర్భముల సంఖ్య. 2010 ఆగస్టులో కొలంబోలో 257 పరుగుల లక్ష్యమును ఛేదించునపుడు లక్ష్మణ్ 103 పరుగులతో అజేయుడై నిలిచెను గనుక మొహాలీ ఆట ఒంటరి సాక్ష్యము కాదు. అయినను 2011లో ఇంగ్లండుపై నాలుగు టెస్టులలో అతడు 182 పరుగులే చేసెను. పేరుపొందినవానికిని ఎదురుగాలి తప్పదు. ఒకటి రెండు ఘట్టములలో అదృష్టము పాలెంతయో, నేర్పు పాలెంతయో తేల్చుట సాధ్యము కాదు.

నాలుగవది, నిర్ణయముయొక్క యోగ్యత. కబడ్డీలో కూతకు 30 సెకనుల గడువు. తన జట్టు రెండు పాయింట్లు ముందుండగా, చివరి నిముషమున గడువంతయు వాడుకొని ఖాళీచేతులతో తిరిగివచ్చినవాడు మంచిపనియే చేసెను. వెనుకబడినపుడు అదే పని పొరపాటు. వరుసగా రెండు ఖాళీ కూతల పిమ్మట మూడవదానిలో పాయింటు తేవలసినదేయను నియమమున్నచోట, సాహసించి పట్టుబడినవానిని నిందింపరాదు. పాయింట్లు మాత్రమే లెక్కించువానికి ఈ భేదము కానరాదు.

కావున జట్టును ఎన్నుకొను పెద్దలు ఒక నోటుపుస్తకము ఉంచుకొనుట మేలు. చివరి అయిదు నిముషములలో ప్రతి కూతకును ముందు స్కోరెంత, ఎదుట నిలిచినవారెందరు, ఆటగాడు ఏమి చేయ నెంచెను, ఏమి జరిగెను అను నాలుగు సంగతులు వ్రాయవలెను. ఒక ఋతువు గడచిన పిమ్మట ఆ పుటలను తిరగవేసినచో, జ్ఞాపకము చెప్పినదానికిని లెక్క చెప్పుదానికిని గల దూరము తెలియును. ఏలయన మనకు జ్ఞాపకముండునవి గొప్ప గెలుపులును ఘోరమైన ఓటములును మాత్రమే.

ఒత్తిడి ఎవనికిని క్రొత్త విద్య నేర్పదు. దినదినము అభ్యసించిన విద్యను ఆ వేళ జారవిడువకుండుటయే ధైర్యము. దానిని గుర్తించుటకు ఒక్క సాయంకాలము చాలదు.