అద్దె తక్కువ, హాయి ఎక్కువ: లాంగ్‌కావిలో కుటుంబానికి తగిన బస

సెలవుల్లో కుటుంబమంతా కలిసి కొద్ది రోజులు విదేశంలో గడిపి రావాలన్న కోరిక నేడు మధ్యతరగతి ఇళ్లలోనూ కనిపిస్తున్నది. హలాల్ భోజనానికి, నమాజుకు ఇబ్బంది ఉండదన్న ధీమాతో మన కుటుంబాలలో చాలామంది మలేషియాను ఎంచుకుంటున్నారు. హైదరాబాదు నుంచి కౌలాలంపూర్‌కు నేరుగా విమానం ఉంది. అక్కడి నుంచి మరో గంట ఎగిరితే లాంగ్‌కావి దీవి వస్తుంది.

విమాన టిక్కెట్ల విషయంలో ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచిస్తారు. బస విషయానికి వచ్చేసరికి మాత్రం ఇంటి పెద్ద ఒక్కడే ఫోను చూసి, అన్నిటికన్నా తక్కువ అద్దె కనిపించిన చోట డబ్బు కట్టేస్తాడు. కానీ ఆ గదిలో ఎక్కువ సేపు గడిపేది ఆయన కాదు. మోకాళ్ల నొప్పులతో బాధపడే తల్లి, పసిబిడ్డను నిద్రపుచ్చే ఇల్లాలు, మధ్యాహ్నపు ఎండకు అలసిపోయిన పిల్లలు అందులో ఉంటారు. తక్కువ ఖర్చులో, ప్రశాంతమైన చోట బస వెతకడం మంచి ఆలోచనే. అయితే ఆ బసను దానిలో అందరికన్నా ఎక్కువ సేపు ఉండవలసిన వారి కళ్లతో చూసి ఎన్నుకోవాలని మేము విన్నవించుకుంటున్నాము.

దీవిలో ఏ వైపు?

లాంగ్‌కావి మలేషియా వాయవ్య తీరాన, కెదా రాష్ట్రానికి చెందిన దీవుల సముదాయం. 1987లో దీనిని సుంకాలు లేని ప్రాంతంగా ప్రకటించిన నాటి నుంచి పర్యాటకుల రాక పెరిగింది. విమానాశ్రయం పెద్ద దీవికి పడమటి వైపున పాదాంగ్ మత్సిరాత్ వద్ద ఉంది. పడవలు చేరే కువా పట్టణం ఆగ్నేయాన ఉంది.

పర్యాటకులలో అధికులు దిగేది నైరుతి తీరంలోని పంతాయ్ చెనాంగ్ వద్ద. మలయ్ భాషలో 'పంతాయ్' అంటే సముద్రతీరం. విమానాశ్రయం నుంచి ఇది సుమారు 8 కిలోమీటర్లు. దుకాణాలు, భోజనశాలలు, పడవ విహారాలు అన్నీ ఇక్కడ అందుబాటులో ఉంటాయి. సుంకం లేకపోవడం వల్ల ఈ దీవిలో మద్యం చౌక; తీరం వెంబడి బార్లూ ఉన్నాయి, రాత్రి పొద్దుపోయేదాకా సంగీతమూ వినిపిస్తుంది. మలేషియా సమయం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది; ఫజ్ర్ వేళ అక్కడి గడియారం ప్రకారం దాదాపు 6 గంటల ప్రాంతంలో వస్తుంది. అర్ధరాత్రి దాకా నిద్ర పట్టని పిల్లలతో ఆ వేళకు లేవడం ఎంత కష్టమో తల్లులకు తెలుసు.

చెనాంగ్‌కు దక్షిణాన, రాతి గుట్ట ఒకటి దాటితే పంతాయ్ తెంగా వస్తుంది. ఇది ప్రశాంతమైన తీరమే గాని, ఇక్కడ ఖరీదైన రిసార్టులే ఎక్కువ. తక్కువ అద్దె కావలసినవారు చెనాంగ్ రోడ్డుకు లోపలి వైపు చూడాలి. వరిపొలాలు, కొబ్బరిచెట్ల నడుమ బొహోర్ తెంపోయాక్, కెదావాంగ్ వంటి మలయ్ పల్లెలు ఉన్నాయి. చిన్న చిన్న కుటీరాలు, స్థానికులు అద్దెకిచ్చే ఇళ్లు ఈ వైపున దొరుకుతాయి.

వృద్ధులు, అనారోగ్యంతో ఉన్నవారు వెంట ఉంటే కువా పట్టణాన్ని కూడా పరిశీలించవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రి ఆ వైపే ఉంది. అల్ హానా మస్జిదు, సాధారణ ప్రజల దుకాణాలు, భోజనశాలలు అక్కడ ఉన్నాయి. అయితే పిల్లలు స్నానం చేయదగిన ఇసుక తీరం కువాలో లేదు; చెనాంగ్ అక్కడికి 20 కిలోమీటర్లకు పైగా దూరం.

అద్దె ఒక్కటే ఖర్చు కాదు

లాంగ్‌కావిలో మన ఊళ్లలో వలె ఎక్కడబడితే అక్కడ ఎక్కి దిగే సిటీ బస్సులు లేవు. ట్యాక్సీ గాని, ఫోను ద్వారా పిలిచే గ్రాబ్ కారు గాని, అద్దె వాహనం గాని తప్పదు. అందువల్ల దూరాన్ని కూడా అద్దెలో కలిపి చూడాలి.

లెక్క కోసం ఇలా అనుకుందాం. తీరానికి నడిచి వెళ్లగల గది అద్దె రాత్రికి 120 రింగిట్లు. నాలుగు కిలోమీటర్లు లోపల ఉన్న గది 80 రింగిట్లు. లోపలి గదిలో దిగిన కుటుంబం రోజుకు రెండుసార్లు బయటికి వెళ్లి వస్తే నాలుగు కారు ప్రయాణాలు అవుతాయి. ఒక్కొక్కదానికి 10 రింగిట్లు వేసుకున్నా మిగిలిందనుకున్న 40 రింగిట్లూ అక్కడే ఖర్చవుతాయి. పైగా కారు ఖర్చుకు వెనుకాడి తల్లినీ పిల్లలనూ గదిలోనే ఉంచేసే ప్రమాదం ఉంది. అద్దెకు కారు తీసుకునే ఉద్దేశముంటే మాత్రం లోపలి పల్లెలే మేలు. అక్కడ కూడా వాహనాలు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను ఇక్కడే తీసుకుని వెళ్లాలి.

విదేశీయుల నుంచి గదికి, రాత్రికి 10 రింగిట్ల చొప్పున పర్యాటక పన్ను వసూలు చేస్తారు. ఫోనులో కనిపించే అద్దెలో ఇది తరచుగా కలిసి ఉండదు. తాళంచెవి ఇచ్చేటప్పుడు కొంత సొమ్ము డిపాజిట్‌గా అడగడమూ మామూలే. ఈ రెండింటినీ ముందే లెక్కలో వేసుకోవాలి.

కాలాన్ని బట్టి కూడా అద్దె మారుతుంది. డిసెంబరు నుంచి మార్చి వరకు వానలు తక్కువ, రద్దీ ఎక్కువ. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వానలు జోరుగా కురుస్తాయి, గదులు చౌకగా దొరుకుతాయి. కెదా రాష్ట్రంలో వారాంతపు సెలవులు శుక్ర, శని వారాలు కాబట్టి గురువారం సాయంత్రం నుంచే స్థానికుల సందడి మొదలవుతుంది. బేసి సంవత్సరాలలో జరిగే లీమా విమాన, నౌకా ప్రదర్శన రోజుల్లో గదులకు గిరాకీ బాగా పెరుగుతుంది.

గది తీసుకునే ముందు

ప్రకటనలో 'ప్రశాంతమైన పరిసరాలు' అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మనవసరం లేదు. మ్యాపులో ఆ ఇంటిని చూసి చుట్టూ ఏమున్నదో గమనించాలి. పక్కన బారు ఉందా, పెద్ద రోడ్డు ఉందా, విమానాశ్రయం రన్‌వే దగ్గరా, కొత్త కట్టడం ఏదైనా సాగుతున్నదా అన్నవి తెలుసుకోవాలి. అంతకు ముందు అక్కడ దిగినవారి అభిప్రాయాలలో తాజావి, ముఖ్యంగా పిల్లలతో వెళ్లినవారు రాసినవి చదవాలి. పొగడ్తలకన్నా ఫిర్యాదులే మనకు ఎక్కువ విషయం చెబుతాయి.

ఆ తరువాత ఇంటి స్త్రీలతో, పెద్దవారితో కూర్చుని ప్రశ్నలు రాసుకోవాలి. ఎన్ని మెట్లు ఎక్కాలి? స్నానాల గది లోపలే ఉందా, ఇతరులతో పంచుకోవాలా? వుజూ చేసుకునేటప్పుడు కాలు జారకుండా నేల గరుకుగా ఉందా? కిటికీలకు తెరలు నిండుగా ఉన్నాయా, వరండా ఎవరి కంటా పడకుండా ఉందా? తలుపుకు లోపలి గడియ ఉందా? వరిపొలాల పక్కన దోమలు సహజం, కాబట్టి కిటికీలకు జాలీ ఉందా? పసిపిల్లల పాలు కాచుకోవడానికి పొయ్యి గాని, నీళ్లు కాచే కెటిల్ గాని ఉందా?

కొన్ని మలయ్ మాటలు తెలిసి ఉండటం మంచిది. 'బిలిక్' అంటే గది, 'బిలిక్ ఆయర్' అంటే స్నానాల గది. 'కోంగ్సి' అని కనిపిస్తే ఇతరులతో పంచుకోవాలని అర్థం. 'కిపాస్' అంటే ఫ్యాను మాత్రమే, ఏసీ లేదని గ్రహించాలి. 'హోంస్టే' అన్న మాట అక్కడ చాలాసార్లు వంటగదితో సహా అద్దెకిచ్చే పూర్తి ఇంటికి వాడతారు. రెండు కుటుంబాలు కలిసి వెళితే అటువంటి ఇల్లే చౌక పడుతుంది. చాలా హోటళ్లలో పైకప్పు మీద ఖిబ్లా బాణం గుర్తు ఉంటుంది. లేనిచోట పడమర నుంచి సుమారు 20 డిగ్రీలు ఉత్తరానికి తిరిగితే సరిపోతుంది.

మాట, నిజాయితీ

అద్దె తగ్గించుకోవడానికి నలుగురమని చెప్పి ఆరుగురు దిగే అలవాటు కొందరిలో ఉంది. దీనిని తెలివితేటలుగా చెప్పుకునేవారూ ఉన్నారు. అది యజమానికి చెందవలసిన సొమ్మును దాచుకోవడమే. పైగా పిల్లల కళ్ల ఎదుట చేసే ఆ పని వారికి ఏ పాఠం నేర్పుతుందో ఆలోచించాలి. ఎంతమంది వస్తున్నారో, పిల్లల వయసెంతో, ఏ వేళకు చేరుకుంటారో ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. అలాగే పన్ను, డిపాజిట్, ప్రయాణం రద్దయితే తిరిగి వచ్చే సొమ్ము, గది ఖాళీ చేయవలసిన వేళ గురించి యజమాని చేత రాతపూర్వకంగా చెప్పించుకోవాలి. రాతలో స్పష్టత ఉంటే ఇరువైపులా మనస్పర్థలకు తావుండదు.

మరొక విషయం. మనకు ప్రశాంతంగా కనిపించే ఆ వీధి అక్కడివారి నివాసం. అక్కడ తెల్లవారకముందే పొలానికి వెళ్లే రైతులు, బడికి వెళ్లే పిల్లలు ఉంటారు. రాత్రి వరండాలో బిగ్గరగా మాట్లాడుకోవడం, ఫోనులో పాటలు పెట్టడం, ఇంటి ముందు చెత్త వదలడం వారికి బాధ కలిగిస్తాయి. నాలుగు రోజులు ఉన్నా మనం వారి పొరుగువారమే. పొరుగువారి హక్కు మనపై ఉంటుంది. ఎదురైనవారికి సలాం చెప్పి, సమీపంలోని మస్జిదులో వారితో కలిసి ఒక పూట నమాజు చేసి వస్తే ఆ ఊరితో మన పరిచయం సముద్రతీరం చూడటంతోనే ఆగిపోదు.

కాబట్టి ఈసారి ఫోనులో డబ్బు కట్టే ముందు ఆ గది ఫొటోలను, మ్యాపును మీ అమ్మగారికి, మీ శ్రీమతికి చూపించండి. వారు అడిగే ప్రశ్నలను యజమానికి పంపండి. వారు సరేనన్న గది పది రింగిట్లు ఎక్కువైనా, కుటుంబానికి లాభసాటి గది అదేనని మా అభిప్రాయం.