దిగ్గజముల నిట్టూర్పు

కాలిఫోర్నియాలో శాన్ రామోన్ అను ఊర కుమారుని యింట నుండు మా అక్కయ్య 2015 అక్టోబరులో ఒకనాడు ఫోనులో అడిగెను: "తమ్ముడూ, ఇక్కడ రోజూ అలమరలో గిన్నెలు వాటంతట అవే మోగుతున్నాయిరా. మావాడేమో, 'చిన్నవి వస్తుంటే పెద్దది రాదమ్మా' అంటాడు. నిజమేనా?" తెలుగు చెప్పుకొని బ్రదుకువాడను, వెంటనే బదులు చెప్పలేకపోతిని. పుస్తకములు తిరుగవేసి తెలిసికొన్నది ఇచట వ్రాయుచున్నాను. ఆ ప్రాంతమున బిడ్డలున్న తల్లిదండ్రులు మనలో ననేకులు గదా!

ఆఱవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో భూకంపమునకు పూర్వులు చెప్పిన కారణములను పేర్కొనెను. కడలిలోని మహాజంతువుల కదలిక యని కొందఱు, భూభారము మోసి అలసిన దిగ్గజముల నిట్టూర్పని కొందఱు, గాలుల తాకిడి యని మఱికొందఱు. నేటి శాస్త్రజ్ఞులు దిగ్గజములకు మాఱు శిలాఫలకములను చెప్పుదురు. పసిఫిక్ ఫలకము ఉత్తర అమెరికా ఫలకము ప్రక్కగా వాయవ్యదిశకు ఏటికి సుమారు 5 సెంటీమీటర్లు జరుగుచున్నది. ఈ జరుగుడును శాన్ ఆండ్రియాస్, హేవర్డ్, కలవెరాస్ మున్నగు పగుళ్లు పంచుకొనును. వీనియందు నేల ప్రధానముగా పైకి లేచుట, క్రుంగుట కాదు. రెండు ప్రక్కలును అడ్డముగా ఒకదాని నొకటి ఒరసికొని పోవును. శాన్ రామోన్ కలవెరాస్ పగులు ఉత్తరపు కొస దరి నున్నది. దక్షిణమున హాలిస్టర్ పట్టణములో అదే పగులు సడిలేక జరుగుచు కాలిబాటల అంచులను, గోడలను వంకర చేసినది.

సాధారణముగా పెద్ద కంపమొకటి వచ్చి, పిదప చిన్నవి క్రమముగా తగ్గును. గుంపుకంపములకు అట్టి పెద్దతల లేదు. తేనెటీగల దండువలె ఇంచుమించు సమానమైనవి దినములకొలది వచ్చి, చెప్పకయే ఆగిపోవును. లోతున శిలల సందులలో నీరు మొదలగు ద్రవములు ఒత్తిడితో ప్రాకుట, పగులు మెల్లగా జారుట ఇందుకు కారణములని శాస్త్రజ్ఞుల యూహ. శాన్ రామోన్ పరిసరములలో 1970, 1976, 2002, 2003, 2015, 2018 సంవత్సరములలో ఇట్టివి వచ్చినవి. వాని వెంట పెద్దది రాలేదు.

ఇంతవఱకు ఊరటయే. కాని "చిన్నవి వచ్చిన పెద్దది రాదు" అను మాట లెక్కకు నిలువదు. ప్రమాణమున ఒక్క మెట్టెక్కిన శక్తి ఇంచుమించు 32 రెట్లగును. 7 ప్రమాణముగల కంపమున వెలువడు శక్తి చిన్నవానితో తీఱవలెనన్న, 3 ప్రమాణముగలవి పది లక్షలు రావలెను. గరిటెతో చెఱువు తోడినట్లే! 1984లో కలవెరాస్ పగులే మోర్గన్ హిల్ వద్ద 6.2 ప్రమాణముతో కదలెను. 2014 మొదలు 2043 లోపల ఆ అఖాత ప్రాంతమున 6.7 గాని అంతకు మించినది గాని వచ్చుటకు నూటికి 72 పాళ్లవకాశమున్నదని అమెరికా భూవిజ్ఞాన సర్వే అంచనా వేసినది.

కొన్నాళ్లకు అక్కయ్యతో ఇట్లంటిని: "అక్కయ్యా, గిన్నెల మోతకు భయపడకు, అలాగని అది పెద్దదానికి విరుగుడనీ అనుకోకు. బీరువాలు గోడకు బిగించమను. మంచం దగ్గర చెప్పులు, టార్చిలైటు పెట్టుకో. ఇల్లు ఊగితే బయటికి పరుగెత్తకు. బల్ల కింద దూరి దాని కాలు పట్టుకో."

"ఈ వయస్సులో నన్ను బల్ల కింద దూరమంటావురా!" అని అక్కయ్య నవ్వెను. అయినను మఱునాడే బీరువాలను గోడకు బిగింపించినదట. దిగ్గజముల నిట్టూర్పును మన మాపజాలము. అలమర తలుపునకు గడియ పెట్టగలము.