అమ్మ పోల్చిన వాసన

మా నాయన కల్లు దుకాణంలో పోసిన మగ్గం కూలి లెక్క మా అమ్మ యీనాటికీ పైసలతో సహా చెబుతుంది. షోలాపూర్‌లోని మా యింటికి దగ్గుమందు సీసా వచ్చినా ఆమె మూత తీసి వాసన చూడందే గడప దాటనివ్వదు. అటువంటి యింటివారము వైన్ రుచి చూచి వచ్చామంటే పాఠకులు నవ్వుతారేమో!

మొన్న ఫిబ్రవరిలో త్ర్యంబకం వెళ్ళాము. గోదావరి పుట్టినచోటు చూడాలని అమ్మకు చిరకాలపు కోరిక. తిరుగుదారిలో నాసిక్‌లో వున్న మా మేనల్లుడు, "మామా, నా పనిచోటు చూడకుండా పోవద్దు" అని పట్టుపట్టాడు. ద్రాక్షతోటలో గుమాస్తా అని అమ్మకు చెప్పివున్నాము గాని, అతడు పనిచేసేది వైన్ కర్మాగారంలో.

తినే ద్రాక్షకు నాసిక్ పాత పేరే. వైన్‌కు పేరు రావడం నిన్నమొన్నటి సంగతి. రాజీవ్ సామంత్ గారి సూలా కంపెనీ మొదటి వైన్లు బజారుకు వచ్చినది 2000లో. వాటిలో సోవిన్యో బ్లా ఒకటి. ఫ్రాన్సు జాతి ద్రాక్ష. పేరు పలకడానికి మా నోరు ఇంకా తిరగడం లేదు. మేము చూచినదీ ఆ రకమే. ఫ్రాన్సులో కోత సెప్టెంబరు ప్రాంతాన. ఇక్కడ వానలకు పండు నిలవదు కనుక, తీగను ఏప్రిల్‌లో ఒకసారి, వానలు తగ్గుముఖం పట్టాక మరొకసారి కత్తిరించి, జనవరి నుంచి మార్చి దాకా కోస్తారు. రాత్రి చలికి కాయలో పులుపు నిలుస్తుంది.

పళ్ళు పిండి, తొక్క తీసివేసి, రసాన్ని స్టీలు తొట్లలో 15 డిగ్రీల దరిదాపుల పులియబెడుతున్నారు. వేడెక్కితే సువాసన పోతుందట. "ఏమి ఎసెన్సు కలుపుతారు?" అని అడిగాము. "ఏమీ లేదు మామా! వాసన ద్రాక్షలోనే దాగివుంటుంది. పులిసేటప్పుడు ఈస్టు విడిపిస్తుంది" అన్నాడు.

గ్లాసులో అడుగున కాస్త పోశారు. లేత గడ్డిరంగు. త్రిప్పి, ముందు వాసన చూడమన్నారు. సిమ్లా మిర్చి కోసినట్టున్నదని మా ఆవిడ అన్నది. ఆ వెనుక ఏదో పండు. పేరు నాలుక చివర వున్నది, రాదు. ద్రాక్ష గదా, తీయగా వుంటుందనుకొని గుటక వేశాము. తీపి లేదు! చక్కెరంతా ఈస్టు తినివేసినది. పచ్చిమామిడి ముక్క కొరికినట్టు దవడలు గుంజి, ఆ పండు వాసన మళ్ళీ ముక్కుకెక్కినది. ఉమ్మడానికి పాత్ర పెట్టారు గాని, డబ్బిచ్చి కొన్నది ఉమ్మడానికి గుమాస్తా మనసు ఒప్పలేదు.

ఇంతలో బయట కూర్చున్న అమ్మ వచ్చి నిలబడినది. "అది యిటు తే."

మేనల్లుడు తల వంచుకున్నాడు. ఆమె గ్లాసు చాలాసేపు ముక్కు దగ్గర వుంచుకొని, "జామపండు. బాగా మగ్గినది" అన్నది. అదే! మాకు తట్టని పేరు.

"మత్తెక్కుతుందా?"

"ఎక్కుతుంది అమ్మమ్మా."

సీసా మీద ఏమున్నదో చదవమన్నది. ఆల్కహాలు నూటికి 12 పాళ్ళు, మద్యపానం ఆరోగ్యానికి హానికరం, రెండూ చదివాము.

"మరి నువ్వు?"

"రుచి చూచి ఉమ్మేస్తాను. అదే నా ఉద్యోగం."

"జీతం ఇంటికి చేరుతున్నదా?"

"అంతా అమ్మ చేతికే."

గ్లాసు బల్లమీద పెట్టివేసినది. సీసా కొనలేదు. బస్సుస్టాండులో ఆమె అరడజను జామపండ్లు బేరమాడి, ఒకటి ముక్కు దగ్గర పెట్టి చూచి, మేనల్లుడి చేతిలో పెట్టినది.