సందులు పూడ్చే గాలిగన్ను

అక్టోబరు మొదలు డిసెంబరు వరకు తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో ఈశాన్య ఋతుపవనపు వానలు పడుతాయి. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టినప్పుడు వాన నిలువుగా పడదు. గాలి విసురుకు ఏటవాలుగా వచ్చి గోడలను కొడుతుంది. 2021 నవంబరులో కురిసిన కుండపోతకు తిరుపతి వీథులు ఏరులైనవి. రాయలచెరువు కట్ట నుండి నీరు ఊరుతున్నదని తెలిసి దిగువ ఊళ్ల వారిని ఖాళీ చేయించవలసి వచ్చింది. చెరువుకట్టకైతే ఇసుక బస్తాలు వేస్తారు. ఇంటి కిటికీ చట్రానికీ గోడకూ మధ్య దారపుపోగంత సందు ఉంటే దానికి చేయవలసిన చికిత్స వేరు. ఆ సందు చిన్నదని ఊరుకుంటే, దానిలో దిగిన తేమ కాంక్రీటులోని ఇనుపకమ్మీని చేరి తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక లోపలి నుండి కాంక్రీటును పగులగొట్టి పెచ్చులుగా రాలుస్తుంది.

సందులు పూడ్చే పని కొత్తది కాదు. కోస్తాలో పడవలు కట్టేవారు పలకల మధ్య నార దోపి, గుగ్గిలము, నూనె కలిపి పట్టించేవారు. మెట్ట ప్రాంతాలలో ఆ పని సున్నానిది. సున్నాన్ని గానుగలో నూరి, కరక్కాయ, బెల్లం ఊరిన నీళ్లతో కలిపి డాబాల మీద దట్టించేవారు. చంద్రగిరి కోటలోని రాజమహలును కలప లేకుండా రాయి, ఇటుక, సున్నముతోనే కట్టినారు. సున్నము సిమెంటు కంటె మెత్తన. గోడ కొంచెం కదిలినా ఓర్చుకొంటుంది. నేటి ఇళ్లలో సిమెంటు, అల్యూమినియం, గాజు పక్కపక్కనే ఉంటాయి. ఎండకు ఇవి మూడూ ఒకే విధంగా వ్యాకోచించవు. చిక్కంతా ఇక్కడే వస్తున్నది.

ఒక మీటరు పొడవు అల్యూమినియం ఒక్క డిగ్రీ సెంటీగ్రేడు వేడెక్కితే సుమారు 0.023 మి.మీ. సాగుతుంది. తిరుపతిలో మే నెల మధ్యాహ్నం ఎండకు కాలిన చట్రానికీ, తెల్లవారుజామున చల్లబడిన అదే చట్రానికీ 30 డిగ్రీల తేడా ఉండడం వింత కాదు. అప్పుడు 2 మీటర్ల చట్రం సుమారు 1.4 మి.మీ. పెరిగి, తిరిగి తగ్గుతుంది. అంతే పొడవు కాంక్రీటు దానిలో దాదాపు సగమే కదులుతుంది. ఈ లాగులాట ప్రతి దినమూ జరుగుతుంది. సందులో సిమెంటు పూస్తే అది నెలలోనే చీలుతుంది. అందువల్ల సిలికాన్, పాలీయురిథేన్ వంటి సీలంట్లు వాడుతారు. ఇవి ట్యూబులో ముద్దగా ఉండి, బయటికి వచ్చిన తరువాత గాలిలోని తేమను గ్రహించి రబ్బరువలె గట్టిపడతాయి. మంచి రకం సీలంటు తన వెడల్పులో నాలుగవ వంతు సాగి, తిరిగి యథాస్థితికి రాగలదు. 6 మి.మీ. వెడల్పు పూత 1.5 మి.మీ. సాగగలదన్నమాట; పైన చెప్పిన చట్రానికి అది చాలును. అయితే పూత అంతటా ఒకే మందాన ఉండాలి, లోపల గాలి బుడగలు ఉండరాదు. బుడగ ఉన్న చోట సాగవలసిన పదార్థమే తక్కువ. చీలిక అక్కడ మొదలవుతుంది.

పూత సమంగా రావడం గన్ను మీద ఆధారపడుతుంది. బజారులో అందరికీ తెలిసినది చేతిగన్ను. మురుకుల గొట్టానికీ దీనికీ సూత్రం ఒక్కటే: వెనుక నుండి నొక్కితే ముందున్న రంధ్రం గుండా ముద్ద బయటికి వస్తుంది. గన్నులో మీటను పిడికిలితో నొక్కితే కడ్డీ ముందుకు జరుగుతుంది. మీట వల్ల బలం ఎన్ని రెట్లు పెరుగుతుందో 12:1, 18:1, 26:1 అని తయారుదారులు చెబుతారు. 18:1 గన్నును 10 కిలోల బలంతో నొక్కితే, ఒరపిడి నష్టాన్ని విడిచిపెడితే, కడ్డీ మీద 180 కిలోల బలం పడుతుంది. 300 మి.లీ. ట్యూబు లోపలి వ్యాసం సుమారు 4.6 సెం.మీ.; అడ్డుకోత వైశాల్యం 16.6 చ.సెం.మీ. అంటే సీలంటు మీద చ.సెం.మీ.కు 10 కిలోలకు పైగా పీడనం!

ఇప్పుడు గాలిగన్ను లెక్క చూడండి. దానికి కంప్రెసరు నుండి వచ్చే గాలి పీడనం చ.సెం.మీ.కు 6 కిలోలు అనుకొందాం. 16.6ను 6తో హెచ్చిస్తే దాదాపు 100 కిలోలు. గాలిగన్ను అంటే బలమైనదని దుకాణంలో చెప్పే మాట ఈ లెక్కకు నిలువదు. బలంలో చేతిగన్నే మిన్న కావచ్చును. మరి గాలిగన్ను ఎందుకు? బలం ఎక్కువైనప్పుడు దూరం తగ్గుతుందన్న మీట సూత్రంలోనే జవాబు ఉన్నది. పిడికిలి 5 సెం.మీ. కదిలితే 18:1 గన్నులో కడ్డీ కదిలేది 0.28 సెం.మీ. మాత్రమే. ట్యూబు పొడవున 18 సెం.మీ. నడవాలంటే 65 సార్లు నొక్కాలి. దినానికి పది ట్యూబులు వేసే పనివాడు 650 సార్లు నొక్కుతాడు. సాయంత్రానికి మణికట్టు పట్టుకుంటుంది. పూత కూడా ప్రతి నొక్కుకూ ఒకసారి ఉబ్బి, ఒకసారి సన్నబడి, ముళ్లు వేసిన తాడులాగా వస్తుంది. గాలి అలసిపోదు. ట్రిగ్గరు నొక్కినంత సేపూ ఒకే పీడనం నిలుస్తుంది గనుక పూత సమంగా వస్తుంది.

గాలికి పని చెప్పడం ఈ ప్రాంతం వారికి తెలియనిది కాదు. రేణిగుంట జంక్షనులో ఆగే ప్రతి రైలు అడుగునా గాలి గొట్టం సాగి ఉంటుంది. బ్రేకులు విడిచి ఉన్నప్పుడు దానిలో పీడనం చ.సెం.మీ.కు 5 కిలోలు. గన్నుకు కావలసినది దాదాపు అంతే.

గాలిగన్నులు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకంలో గాలి నేరుగా ట్యూబు అడుగు బిళ్లను తోస్తుంది. ఇది తేలిక, పొట్టి, చవక. కాని బిళ్ల కొంచెం వంకరగా ఉన్నా, ట్యూబు నొక్కుకుపోయి ఉన్నా, గాలి దాని పక్క నుండి సీలంటులోకి దూరుతుంది. పూతలో బుడగలు పడతాయి, ముక్కు తుమ్మినట్లు చిమ్ముతుంది. రెండవ రకంలో గాలి ఒక ముషలకాన్ని తోస్తుంది, ముషలకపు కడ్డీ బిళ్లను తోస్తుంది. గాలికీ సీలంటుకూ సంబంధమే ఉండదు. గన్ను పొడుగు, బరువు ఎక్కువ, ధర ఎక్కువ. రేకు సంచులలో వచ్చే 600 మి.లీ. సీలంటుకు మూసిన గొట్టం గల గన్ను కావాలి. పెద్ద భవనాలలో అద్దాలు బిగించేవారు ఈ సంచులనే కోరుతారు. మిగిలే చెత్త తక్కువ. వాహనాల ముందు అద్దం అంటించే పాలీయురిథేన్ మిక్కిలి చిక్కన. దానికి కడ్డీ రకమే తగును. ప్రమాదంలో ఆ అద్దం ఊడకుండా నిలిపేది ఆ జిగురు వరుసే గనుక, అక్కడ బుడగను క్షమించరాదు. శ్రీసిటీలోని ఇసుజు మోటారు కర్మాగారం వంటి చోట్ల పని పరిమాణమే వేరు. అటువంటి కర్మాగారాలలో సాధారణంగా పీపాల నుండి పంపులతో సీలంటును తోడుతారు.

ముక్కు కోత గూర్చి కొంత చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ పొరపాట్లు గన్నులో కాక ఇక్కడే జరుగుతాయి. సన్నని గొట్టంలో ద్రవం పారే పరిమాణం వ్యాసార్థపు నాలుగవ ఘాతాన్ని అనుసరిస్తుంది. 3 మి.మీ. రంధ్రాన్ని 6 మి.మీ. చేస్తే, అదే పీడనానికి, నీరు, నూనె వంటి ద్రవాలు 16 రెట్లు వస్తాయి. సీలంటు ఈ నియమానికి పూర్తిగా లొంగదు: అది కదిలించినప్పుడు పలుచబడి, నిలిచినప్పుడు గడ్డపెరుగువలె నిలుచుండే పదార్థం. నిలువు సందులో పూసినా జారిపోకపోవడానికి ఈ గుణమే కారణం. అయినా రంధ్రం కాస్త పెరిగితే ప్రవాహం ఎంతో పెరుగుతుందన్నది దానికీ వర్తిస్తుంది. కాబట్టి ముక్కును సందు వెడల్పు కంటె కొంచెం తక్కువకు ఏటవాలుగా కోసి, తరువాత పీడనాన్ని సవరించుకోవాలి. శీతాకాలపు ఉదయం హార్సిలీ కొండ మీదనో మదనపల్లెలోనో సీలంటు బిగిసి ఉంటుంది. పీడనం పెంచే బదులు ట్యూబును కాసేపు నీరెండలో ఉంచితే మేలు.

కంప్రెసరు పెద్దది కావాలేమోనని చాలామంది వెనుకాడుతారు. ఒక్క ట్యూబు ఖాళీ కావడానికి 300 మి.లీ. స్థలాన్ని 6 కిలోల పీడనం గల గాలితో నింపాలి. వాతావరణ పీడనాన్ని కూడా కలుపుకొంటే అది సుమారు 2 లీటర్ల మామూలు గాలి. ట్రిగ్గరు విడిచినప్పుడల్లా కొంత గాలి బయటికి పోతుంది. దానిని కలిపినా పంక్చరు దుకాణంలోని చిన్న కంప్రెసరే ఎక్కువ. పరిమాణం కంటె గాలి శుభ్రత ముఖ్యం. గాలిని కుదించి చల్లబరిస్తే దానిలోని తేమ నీరుగా దిగుతుంది. ఆ తేమ ట్యూబు వెనుకకు చేరితే సీలంటు అక్కడే గట్టిపడుతుంది. నవంబరులో గాలి చెమ్మగా ఉన్నప్పుడు ఈ బాధ ఎక్కువ. నీటిని వేరు చేసే ఫిల్టరు, పీడనాన్ని తగ్గించే రెగ్యులేటరు లేకుండా గన్నును కలుపరాదు. ట్యాంకు అడుగున చేరిన నీటిని దినదినమూ వదలాలి.

కొనేటప్పుడు దుకాణంలోనే ఒక అట్టముక్క మీద నడిపి చూడాలి. ట్రిగ్గరు విడిచిన వెంటనే ముక్కు నుండి ముద్ద రావడం ఆగాలి. లోపలి గాలిని తటాలున బయటికి వదిలే కవాటం సరిగా లేని గన్ను ఆగిన తరువాత కూడా కారుతూనే ఉంటుంది. ఎంత చవక అయినా దానిని తీసుకోరాదు. 6 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. లోతు సందుకు 300 మి.లీ. ట్యూబు సుమారు 8 మీటర్లు వస్తుంది. ఇంటిలో రెండు కిటికీలు, ఒక స్నానాలగది తొట్టి మాత్రమే ఉంటే చేతిగన్ను చాలును. గాలిగన్ను కొనడం దండుగ. దినదినమూ ఇదే పని చేసేవారికే దాని ధర తిరిగి వస్తుంది.

ప్లాస్టిక్ ట్యూబు పగలవచ్చును గనుక తయారుదారు గన్ను మీద ముద్రించిన పీడనాన్ని దాటరాదు. ట్యూబు మార్చే ముందు గాలి గొట్టాన్ని విడదీసి, ట్రిగ్గరు నొక్కి, లోపల మిగిలిన గాలిని పోనివ్వాలి. ముక్కును ఎవరి వైపూ, సరదాకైనా, చూపరాదు. పాలీయురిథేన్ వాడే గదిలో కిటికీలు తెరిచి ఉంచాలి.

గన్ను ఎంత మంచిదైనా దానిలో పెట్టే ట్యూబు తగినది కాకపోతే పని చెడుతుంది. చవక సిలికాన్ కొన్ని గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతాయి. ట్యూబు తెరవగానే పుల్లని ఘాటు వాసన వచ్చేది అందుకే. గాజుకు అది బాగానే అంటుతుంది. సున్నపు గోడ, కాంక్రీటు, పాలరాయి మీద మాత్రం ఆ ఆమ్లం కాల్షియం కార్బనేటుతో చర్య జరిపి, అంటుకోవలసిన పొరనే తినివేస్తుంది. వాటికి ఆమ్లం విడువని తటస్థ రకం కోరి తీసుకోవాలి. ఈ చర్యను తరగతిలో చూపడానికి గన్ను అక్కరలేదు: పాత సున్నపు పెచ్చు మీద నాలుగు చుక్కల వెనిగరు వేస్తే బొగ్గుపులుసు వాయువు బుడగలుగా పైకి రావడం కనిపిస్తుంది.