కాగితాల గుట్టకు గుడ్డ సంచి: అపోహలు – వాస్తవాలు

కరెంటు బిల్లు ఫ్రిజ్ మీద, గ్యాసు రసీదు దేవుడి పటం వెనక, బడి ఫీజు చలానా పప్పుల డబ్బా కింద, రక్తపరీక్ష రిపోర్టు పరుపు కింద. చాలా ఇళ్లలో కాగితాలు కాపురముండేది ఇలాగే. ఎవరో వచ్చి అడిగిన రోజున ఇల్లంతా తిరగేయాలి. అందుకే పాత జీన్సు, పాత దుప్పటి కత్తిరించి జేబుల సంచి కుట్టి గోడకు తగిలించుకుంటున్నారు చాలామంది. మంచి పనే. ఖర్చు లేదు, కుట్టినవాళ్లకు తృప్తి కూడా. కానీ ఈ సంచి మీద కొన్ని అతి నమ్మకాలు పెరిగాయి. గుడ్డ ఏ కాగితానికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో తెలుసుకుని కుడితే సంచి ఏళ్ల తరబడి పనిచేస్తుంది. లేకపోతే అది గోడకెక్కిన ఇంకో చెత్తబుట్టే.

అపోహ 1: గుడ్డలో కాగితాలు పెట్టుకోవడం కొత్త ఫ్యాషన్.

వాస్తవం: మన ఊళ్లలో భూమి లెక్కలన్నీ ఒకప్పుడు గుడ్డలోనే ఉండేవి. 1984లో ఊరి లెక్కలు రాసే కరణాల వ్యవస్థ రద్దయ్యేదాకా అడంగళ్లు, చిట్టాలు గుడ్డలో చుట్టి, తాడుతో కట్టిన దఫ్తరాల్లోనే ఇంటినుంచి కచేరీకి, కచేరీనుంచి ఇంటికి తిరిగేవి. తాళపత్ర గ్రంథాలనూ గుడ్డలో చుట్టే దాచేవారు. గుడ్డకు గాలి ఆడుతుంది, దుమ్ము ఆగుతుంది, మాసితే ఉతుక్కోవచ్చు. అయితే ఏ కట్టలో ఏముందో కరణానికి నోటికి వచ్చు కాబట్టే ఆ దఫ్తరాలు పనిచేశాయి. గుడ్డ ఒక్కటే ఆ పని చేసిపెట్టదు.

అపోహ 2: సంచి ఎంత పెద్దదైతే, జేబులు ఎన్ని ఎక్కువైతే అంత సర్దుబాటు.

వాస్తవం: జేబు పెద్దదైన కొద్దీ అందులో పడే కాగితం పెరుగుతుంది, తీసే కాగితం తగ్గుతుంది. పన్నెండు జేబులు కుడితే ఏది ఎందులో వేశామో గుర్తుండదు. ఇంటికి మూడు చాలు. మొదటిది ‘కట్టాల్సినవి’: బిల్లులు, ఫీజు చలానాలు, పన్ను నోటీసులు. రెండోది ‘చూపించాల్సినవి’: డాక్టరు చీటీలు, రిపోర్టులు, బడినుంచి వచ్చిన కాగితాలు. మూడోది ‘దాచాల్సినవి’: బీరువాలోకి వెళ్లేముందు ఆగే చోటు.

జేబు లోతు కూడా ముఖ్యమే. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు, పొడవు 29.7. జేబు 20 సెంటీమీటర్ల లోతుంటే కాగితం తల పది సెంటీమీటర్లు బయటికి కనిపిస్తుంది. కనిపించే బిల్లును గడువులోగా కడతాం. నిలువునా మింగేసే జేబులో పడిన బిల్లు, ఆలస్య రుసుము పడ్డాకే గుర్తొస్తుంది.

అపోహ 3: ఏ పాత చీరైనా సరిపోతుంది.

వాస్తవం: కాగితం తేలికని అనుకుంటాం. మామూలు జిరాక్సు కాగితం ఏ4 సైజుది ఒక్కొక్కటి 5 గ్రాములు. వంద కాగితాలైతే అరకిలో. మూడు జేబుల్లోనూ వందేసి ఉంటే కిలోన్నర బరువు వేలాడుతుంది. జార్జెట్, షిఫాన్ చీరలు ఆ బరువుకు సాగి, జేబు బొజ్జలా ముందుకు వస్తుంది. కాగితాలు వంగి ముడతలు పడతాయి. పాత పట్టుచీర మడత దగ్గరే చిరుగుతుంది.

వెనక గుడ్డకు జీన్సు, కాన్వాసు, మందపాటి కర్టెను గుడ్డ, లేదా రెండు పొరలు వేసి బొంతలా కుట్టిన దుప్పటి వాడండి. నేత చీర మీద మమకారం ఉంటే దాన్ని జేబు ముందు భాగానికి అందం కోసం వేసి, లోపల గట్టి గుడ్డ పొర ఇవ్వండి. ఏ గుడ్డయినా కుట్టేముందు ఒకసారి ఉతికి ఆరేయండి. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. రంగు దిగే గుడ్డయితే వానాకాలం చెమ్మకు ఆ రంగు కాగితానికి అంటుతుంది. తడిపిన తెల్ల గుడ్డతో రుద్ది చూస్తే రంగు సంగతి తేలిపోతుంది.

అపోహ 4: గంజి పెడితే జేబు నిటారుగా నిలుస్తుంది.

వాస్తవం: నిలుస్తుంది, పురుగులనూ పిలుస్తుంది. పాత పుస్తకాల్లో సర్రున పాకే వెండి రంగు పురుగులకు పిండి పదార్థమంటే ప్రాణం. గంజి, మైదా జిగురు, కాగితం వాటి తిండి. బొద్దింకలూ అంతే. గంజి పెట్టిన గుడ్డలో కాగితాలు ఉంచడమంటే వాటికి విస్తరి వేసినట్టే. గుడ్డ బిగువుగా ఉండాలంటే కుట్టుసామాను దుకాణంలో ఇస్త్రీ పెడితే అతుక్కునే బక్రం దొరుకుతుంది, అది వేయండి. లేదా రెండు గుడ్డ పొరల మధ్య ఇంకో పాత గుడ్డ పెట్టి, దగ్గర దగ్గరగా అడ్డంగా కుట్లు వేయండి.

చెదల సంగతి వేరు. వాటికి కాగితం, నూలు గుడ్డ రెండూ ఒకటే. నేలకు తగిలేలా, చెమ్మెక్కే గోడకు ఆనేలా సంచి తగిలించకూడదు.

అపోహ 5: కుట్టు మిషను లేకపోతే కుదరదు.

వాస్తవం: బొంత కుట్టే చేతికి ఇది అరపూట పని. వెనక గుడ్డ 110 సెంటీమీటర్ల పొడవు, 32 వెడల్పు ఉండాలి. అంచులు మడిచి కుట్టండి. పై అంచును నాలుగు సెంటీమీటర్లు మడిచి కుడితే కర్ర దూర్చడానికి గూడు వస్తుంది. జేబు గుడ్డ వెనక గుడ్డకంటే నాలుగైదు సెంటీమీటర్లు వెడల్పుగా తీసుకుని, ఆ ఎక్కువ గుడ్డను కింద రెండు మూలల దగ్గర కుచ్చులా మడవండి. అప్పుడు జేబులో కాగితాలకు చోటుంటుంది. ఒక జేబు అడుగునుంచి పై జేబు అడుగుకు 32 సెంటీమీటర్ల దూరం ఉంచండి. చేతి కుట్టుకు దారం రెండు పోగులు ఎక్కించి, కుట్టును వెనక్కి తిప్పి వేస్తూ పోవాలి. జేబు పై మూలల దగ్గర మాత్రం నాలుగైదు సార్లు కుట్టు తిప్పండి. చిరగడం ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది.

తగిలించే చోటు వంటిల్లు మాత్రం కాకూడదు. పొయ్యి దగ్గర గుడ్డ, కాగితం రెండూ ప్రమాదమే. పోపు ఆవిరికి జిడ్డూ పడుతుంది. రోజూ వచ్చీ పోయే గుమ్మం పక్కన, ఎండ నేరుగా పడని గోడ మంచిది.

అపోహ 6: రబ్బరు బ్యాండు, గుండుసూది, స్టేప్లరు పిన్ను పెడితే కాగితాలు భద్రం.

వాస్తవం: రబ్బరు బ్యాండు కొన్నేళ్లకు జిగటగా మారి కాగితానికి అతుక్కుంటుంది, లేదా ఎండి తునిగిపోతుంది. పిన్నులు తుప్పు పడతాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీరపు ఊళ్లలో ఇంకా త్వరగా. తుప్పు మరక కాగితాన్ని తినేస్తుంది. ఇక్కడ గుడ్డకు సాటి లేదు. చీర అంచునుంచి రెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు తీసి, మధ్యకు మడిచి కుట్టి నాడాలు చేసుకోండి. కాగితాల కట్టకు కిందా పైనా అట్టముక్క పెట్టి నాడాతో కడితే మడతలు పడవు, మరకలు రావు. ఆసుపత్రి రిపోర్టులకు ఒక రంగు, ఇంటి కాగితాలకు ఒక రంగు నాడా వాడితే, చదవడం రాని పెద్దవాళ్లు కూడా అడిగిన కట్ట తీసివ్వగలరు.

అపోహ 7: రసీదు సంచిలో పడితే గ్యారంటీ భద్రం.

వాస్తవం: సూపర్‌మార్కెట్, పెట్రోలు బంకు, ఏటీఎం ఇచ్చే మెత్తటి రసీదుల మీద సిరా ఉండదు. వేడి తగిలితే నల్లబడే పూత మీద అక్షరాలు తేలతాయి. కొన్ని నెలల్లోనే అవి వెలిసిపోవచ్చు. వెలుతురు, వేడి, కొన్ని రకాల ప్లాస్టిక్కు తగిలితే ఇంకా త్వరగా. మిక్సీనో ఫ్రిజ్జో కొన్న రోజే రసీదుకు జిరాక్సు తీసి గ్యారంటీ కార్డుకు జత చేయండి, ఫోనులో ఫొటో కూడా తీసుకోండి. అలాంటి రసీదును వేడి లామినేషనుకు ఇస్తే నల్లని ముక్క చేతికొస్తుంది.

అపోహ 8: ముఖ్యమైన కాగితాలన్నిటికీ లామినేషన్ చేయించాలి.

వాస్తవం: వేడి లామినేషన్ ఒకసారి చేస్తే కాగితాన్ని మళ్లీ విడదీయడం కష్టం. చేతి అప్పుకు రాయించుకున్న ప్రామిసరీ నోటునే చూడండి. అడిగినప్పుడు చెల్లించాల్సిన నోటుకు కాలపరిమితి చట్టం ప్రకారం రాసిన తేదీనుంచి 3 సంవత్సరాల గడువు. గడువు లోపల కొంత సొమ్ము ముట్టినప్పుడు నోటు వెనక చెల్లు రాసి సంతకం చేయిస్తే గడువు మళ్లీ అక్కడినుంచి మొదలవుతుంది. లామినేషన్ చేసిన నోటు వెనక చెల్లు ఎక్కడ రాస్తారు? ఆధార్‌కైతే లామినేషన్ అవసరమే లేదు. మామూలు కాగితం మీద తీసిన ఇ-ఆధార్ కూడా చెల్లుతుంది.

అపోహ 9: డిజిలాకర్ ఉంది కదా, కాగితాలన్నీ పారేయొచ్చు.

వాస్తవం: 2015లో మొదలైన డిజిలాకర్‌లోకి జారీ చేసిన శాఖ నుంచే నేరుగా వచ్చిన పత్రం చట్టప్రకారం అసలుతో సమానం. మనం ఫొటో తీసి ఎక్కించినదానికి ఆ విలువ లేదు. వీలునామా సమాచార సాంకేతిక చట్టం 2000 పరిధిలోకే రాదు, దానికి కాగితమే దిక్కు. ఇంటి దస్తావేజులు, వీలునామా, ప్రామిసరీ నోట్లు, పట్టాదారు పాసు పుస్తకం అసలువి పోగొట్టుకోకూడదు.

అలాగని ఇవన్నీ గోడ సంచిలో పెట్టకూడదు. గుమ్మం పక్కన వేలాడే సంచి వచ్చేపోయేవాళ్లందరికీ అందుతుంది. గుడ్డ నీటినీ ఆపదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లను ముంచినప్పుడు గోడకు వేలాడేవాటికి, కింది అరల్లో ఉన్నవాటికి రక్షణ లేకపోయింది. దాచే కాగితాలను మడవకుండా ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, నీరు చొరని గట్టి కవరులో వేసి, ఎత్తయిన అరలో పెట్టండి. పెట్టేరోజు కాగితం, గుడ్డ రెండూ పొడిగా ఉండాలి. పీవీసీ కవర్లు వద్దు, జిరాక్సు అక్షరాలు వాటికి అతుక్కుని ఊడొస్తాయి. పాలీప్రొపిలీన్ కవర్లతో ఆ బెడద ఉండదు.

అపోహ 10: సంచిలో ఉంటే బూజు పట్టదు.

వాస్తవం: గాలిలో తేమ 65–70 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే గుడ్డకైనా కాగితానికైనా బూజు పడుతుంది. తీరప్రాంతంలో వానాకాలమంతా ఇదే పరిస్థితి. కలరా ఉండలు పురుగులను దూరం పెడతాయేమో కానీ బూజును ఆపలేవు. పచ్చి వేపాకు పెడితే దాని చెమ్మే కాగితానికి ఎక్కుతుంది, వేస్తే బాగా ఎండినదే వేయాలి. వాన వెలిసి ఎండ కాసిన రోజున సంచి ఖాళీ చేసి ఉతికి ఆరేయడం, కాగితాలను నీడలో గాలికి పెట్టడం అన్నిటికంటే మంచి మందు.

అపోహ 11: కాగితం ఏదైనా కలకాలం దాచాలి.

వాస్తవం: ప్రతిదానికీ ఒక ఆయుష్షు ఉంది. విద్యుత్ చట్టం 2003లోని 56(2) సెక్షను ప్రకారం, బకాయిగా బిల్లుల్లో చూపిస్తూ రాకపోతే రెండేళ్లు దాటిన పాత బాకీ కోసం కరెంటు సంస్థ సరఫరా ఆపకూడదు. అందుకని కరెంటు రసీదులు కనీసం రెండేళ్లవైనా ఉంచుకోండి. ఇంటి పన్ను రసీదులు మాత్రం ఇల్లు మన పేరున ఉన్నన్నాళ్లూ ఉంచుకోవాలి.

పసుపు రాసిన శుభలేఖలను పారేయడానికి చేతులు రావు చాలామందికి. పెళ్లయ్యాక దేవుడి బొమ్మ ఉన్న భాగాన్ని విడిగా తీసి, మిగతా గట్టి అట్టను జేబుల మధ్య అడ్డుగానో, నాడా కట్ట కింద ఆధారంగానో వాడుకోవచ్చు.

మొత్తం మీద చెప్పాల్సింది ఇది: గోడ మీది గుడ్డ సంచి ఇంట్లో తిరిగే కాగితానికి మజిలీ. శాశ్వతంగా దాచే కాగితం బీరువాలోకి, పని అయిపోయిన కాగితం పాత కాగితాలవాడికి వెళ్లాలి. నెల మొదటి ఆదివారం మూడు జేబులూ మంచం మీద కుమ్మరించి, కట్టినవి తీసేసి, దాచాల్సినవి బీరువాకు పంపండి. పేరు, ఖాతా నంబరు, ఆధార్ నంబరు ఉన్నవాటిని చించాకే పారేయండి. ఈ పని పది నిమిషాలకు మించదు. ఇది చేయలేనివాళ్లు సంచి కుట్టకపోయినా నష్టం లేదు.