ఇంటిచదువు – కళాశాలా ప్రవేశము

అనారోగ్యముచేతనో, తండ్రిగారి యుద్యోగము తఱచు బదిలీ యగుటచేతనో, తలిదండ్రులు కోరి యెంచుకొనుటచేతనో యింటనే చదువుకొను బాలికలు నేడును మన కుటుంబములలో గలరు. వారికి విద్య కొఱవడుట లేదు. కాని కళాశాలా ద్వారముకడ నిలిచిననాడు “నీకేమి తెలియును?” అని యడుగువారుండరు, “నీ పత్రము లేవి?” అనియే యడుగుదురు. ఆ ప్రశ్నకు నాలుగేండ్ల ముందుగనే సమాధానము సిద్ధపఱుపవలసిన భారము గృహిణులమైన మనపై గలదు. దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనవలయును గదా!

ఈ త్రోవ మనకు క్రొత్తది కాదు. ఆంగ్లమున బోధించుటను నిరసించి బాల్యముననే బడి విడిచిన శ్రీమతి దుర్గాబాయి దేశముఖ్‌గారు (1909–1981) పిమ్మట కాశీ హిందూ విశ్వవిద్యాలయమువారి మెట్రిక్యులేషను పరీక్షకు ప్రైవేటుగా కూర్చుండి యుత్తీర్ణులైరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున పట్టము గైకొని, 1942లో మదరాసున న్యాయశాస్త్రము ముగించిరి. 1937లో తాము నెలకొల్పిన ఆంధ్ర మహిళాసభయందు ఇతర స్త్రీలను గూడ ఆ కాశీ పరీక్షకు సిద్ధపఱచిరి. ఇంటిని కళాశాలతో గలుపు వారధి పరీక్షయే యని వారి చరిత్ర మనకు దెలుపుచున్నది.

నేడట్టి వారధి ఓపెన్ స్కూలు. 1989లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన జాతీయసంస్థయు, రెండు తెలుగు రాష్ట్రముల సార్వత్రిక విద్యాపీఠములును పదవ తరగతి, ఇంటర్మీడియట్ స్థాయి పరీక్షలను నడపుచున్నవి. జాతీయసంస్థలో పదునాలుగేండ్లు నిండిన బాలిక పదవ తరగతికి జేరవచ్చును. ప్రవేశము ఐదేండ్లు చెల్లును. ఆ నడుమ తొమ్మిది పర్యాయములు పరీక్ష వ్రాయవచ్చును. నెగ్గిన విషయములు నిలిచియుండును. తప్పినదానిని మాత్రమే మఱల వ్రాసిన జాలును. అయితే పదవ తరగతికిని పండ్రెండవ తరగతికిని నడుమ రెండేండ్ల యెడముండవలయును. కనుక పదునాఱవయేట మేల్కొన్న తల్లి, కుమార్తెకు రెండేండ్లు నష్టము గలిగించినట్లే యగును.

విషయములను ఎన్నుకొనునపుడు సులభమైన వానిని గాక, బాలిక చేరగోరు కళాశాల కోరువానిని దీసికొనవలెను. ఈఏపీసెట్ వ్రాసి ఇంజనీరింగు చదువదలచినచో గణిత, భౌతిక, రసాయన శాస్త్రములు తప్పవు. వైద్యవిద్యకై నీట్ వ్రాయుటకు ఓపెన్ స్కూలువారు అనర్హులను నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసినది. శాస్త్రములలో ప్రయోగపరీక్ష గలదు. వంటయింట నెన్ని చూపినను ప్రయోగశాలకు సాటి రావు గావున, అధ్యయనకేంద్రమునకు బాలికను దప్పక పంపుడు.

ఇంట చదివినవారికి నోట నున్నంత విద్య చేత నుండదు. అమరము, కావ్యములు వల్లించి పెరిగిన మా బోంట్లకు ఈ సంగతి చక్కగ దెలియును. వారమున కొకమారైనను గడియారము ముందుంచి, మూడుగంటలు లేవకుండ వ్రాయించుడు. ఆ కాగితములను తల్లిగాక వేఱొకరు దిద్దుట మేలు. తల్లికన్నులకు బిడ్డ తప్పులు చిన్నవిగా గనుపించును.

జనన ధ్రువపత్రము, మార్కుల పట్టికలు, మైగ్రేషను పత్రము ఒక్కచోట భద్రపఱుపుడు. పేరును, తండ్రిపేరును అన్నిట నొక్కరీతినే యుండవలయును. తెలంగాణమున డిగ్రీ ప్రవేశములు 2016నుండి ‘దోస్త్’ ద్వారా జరుగుచున్నవి గాన, గడువుతేదీలు తప్పిన సీటు చేజాఱును.

కడపట నొక్కమాట. “ఇంట జదువుకొనునులే” యని బాలికను బడి మాన్పించి, చదువును గూడ మఱపించి, సంబంధములు వెదకు గృహములు నేటికిని లేకపోలేదు. అది యింటిచదువు గాదు, చదువునకు గడియ వేయుట. ఓపెన్ స్కూలున పేరు వ్రాయించిన దినముననే ఆ రెంటికిని గల భేదము తేటపడును. మీ యింట పదునాలుగేండ్లు నిండిన బాలిక యున్నచో ఈ యేడే యా పని నెఱవేర్పుడు.